ఎండ చెప్పిన అబద్ధం

పొద్దున్నే నాంపల్లి మీద మబ్బు కమ్మింది. సముద్రంలో గాలిమరల పునాదులకు పోయే నాలుగు మీటర్ల వెడల్పున్న ఇనుప రింగును లారీ ఎక్కించేముందు ఫిట్టర్ ఇజ్రాయేల్ మళ్ళీ కొలిచాడు. ఒకటిన్నర మిల్లీమీటరు తక్కువ.

“మీ టేపు అబద్ధమాడదన్నారుగా, బాబాయ్?” ఇంజనీరు హైందవి నవ్వింది. “నిన్న సరిపోయిందిగా!”

“టేపు నీడలనే ఉండె బిడ్డా. ఇనుమే అబద్ధమాడింది. నిన్న ఎండకు సాగింది, ఇయ్యాల చల్లారింది.”

ఆమె నవ్వు ఆగిపోయింది. “ఇప్పటికే పంపిన పదకొండు రింగులు? వాటినెప్పుడు కొలిచారు?”

“రోజూ గంతే. అన్నం తిన్నంక, నడి ఎండలనే. అంటే గవన్నీ తక్కువే.”

పదకొండు కాగితాల మీద, కొలత సరేనన్న చోట, ఇజ్రాయేల్ సంతకమే ఉంది.

మధ్యాహ్నం ఎండ కాసింది. రింగు మళ్ళీ సరిపోయే ఉంటుంది. ఇద్దరూ టేపు ముట్టకుండా, ఒకే డబ్బాలోని అన్నం తిన్నారు.