ఛాసిస్‌లో మిగిలిన బోల్టు

టప్పుమని శబ్దం వచ్చింది.

"విరిగింది పో!" అన్నాడు మెకానిక్ కౌకో, చేతిలోకి ఊడొచ్చిన బోల్టు తల చూసుకుంటూ.

మొండెం మాత్రం వ్యాను అడుగున ఉండే ఇనప చట్రం, ఛాసిస్ లోపలే ఉండిపోయింది.

అది అతని అక్క ఇర్మెలి నడిపే బడి వ్యాను. తొమ్మిదేళ్ళుగా ఫిన్లాండ్ మంచుదారుల్లో పిల్లల్ని తిప్పుతోంది. రెండింటికి బడి వదులుతారు. ఇప్పటికే పన్నెండయింది.

"ఇప్పుడెలారా?" అంది పక్కనే నిలబడ్డ ఇర్మెలి.

"ఏముంది? మిగతా మూడు బోల్టులూ గట్టిగానే ఉన్నాయి. దీన్ని వదిలేద్దాం. మంచు కరగాలని రోడ్ల మీద ఇంత ఉప్పు చల్లుతుంటే ఏ బండికి తుప్పు పట్టదక్కా?"

"వదలకూడదు."

షెడ్డు గుమ్మంలో ఒక ముసలాయన. ఉన్ని టోపీ నిండా మంచు.

ఆయన్ని చూడగానే కౌకో మొహం మాడిపోయింది. పని మధ్యలో ఎవరొచ్చినా అతనికి చిరాకే.

"పంక్చరైతే రేపు రా పెద్దాయనా."

"పంక్చరు కాదు. బండ్లనెత్తే లిఫ్టు మీద ఈ వ్యాను కనిపించి వచ్చాను. ఆ బోల్టు నేను తీస్తా."

"తీస్తాడట! నా స్పానరుకే లొంగనిది నీకు లొంగుతుందా? ఇంటికెళ్ళి కాఫీ తాగవయ్యా."

"తియ్యనీరా, నీదేం పోయింది?" అంది ఇర్మెలి.

ముసలాయన మొండెం మీద ఒక నట్టు ఆనించి వెల్డింగ్ చేశాడు. ఎర్రగా కాలిన చోట కొవ్వొత్తి పెట్టాడు. మైనం కరిగి లోపలికి దిగింది. స్పానరు కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి. తొందరే లేదు.

"ఈ బండెక్కేది ఎందరమ్మా?"

"ఏడుగురు. అందరికంటే చిన్నదానికి ఏడేళ్ళు."

"ఇక చాలు, ఆపు!" అని అరిచాడు కౌకో.

అప్పటికే బోల్టు కదిలింది. బయటికొచ్చింది. దాంతోపాటు అరచేతంత ఛాసిస్ ముక్క ఊడి నేల మీద పడింది.

ఇర్మెలి వంగి తీసింది. అది ఇనుము కాదు. పుట్టీ, లోపల కుక్కిన పాత పేపరు, పైన నల్లరంగు.

"కొత్త రేకు వేసి వెల్డింగ్ చేశానన్నావు కదరా!"

"రేకు దొరకలేదక్కా... తర్వాత చేద్దామనుకున్నా. పక్క ఊరి బండ్ల తనిఖీలో పాసయిందిగా!"

"మరి మన ఊళ్ళో తనిఖీ అధికారి ఫెయిల్ చేసినప్పుడు ఏమన్నావు? ఆ అధికారికి నీ మీద పగన్నావు. ఆయన మొహం కూడా చూడకుండా, నీ మాట నమ్మి పైవాళ్ళకి ఉత్తరం రాశాను. ఆయన ఉద్యోగం ఊడింది. సొంత తమ్ముడివని పసిపిల్లల ప్రాణాలు నీ చేతిలో పెట్టానురా!"

ఆమెకు ఏడుపు ఆగలేదు.

ముసలాయన చేతులు తుడుచుకున్నాడు.

"ఈరోజు పిల్లలకి వేరే బండి చూడమ్మా," అని వెళ్ళిపోయాడు.

ఇర్మెలి ఫోన్ చేసి వేరే వ్యాను మాట్లాడి, గుమ్మంలోకి పరిగెత్తేసరికి ఆయనెక్కిన బస్సు కదిలిపోయింది. మంచులో బస్టాపు నుంచి వచ్చిన అడుగులు, తిరిగి వెళ్ళిన అడుగులు. అంతే.

"రిపేరుకి ఏమీ తేలేదు. మరెందుకొచ్చాడురా? అంత సాయం చేస్తే పేరైనా అడగలేదు. ఎవరాయన?"

కౌకో తలెత్తలేదు.

"నువ్వు ఉత్తరం రాసి ఉద్యోగం తీయించిన అధికారి ఆయనే అక్కా."