గౌనులో జేబు

చర్చిలో వెండిగిన్నె కొట్టేయాలంటే పెళ్లి చేసుకోవడం ఒక్కటే దారి అని ఆమె తేల్చేసింది.

"ఆరాధన లేనప్పుడు అది పాస్టరుగారి గదిలో, బీరువాలో ఉంటుంది. పెళ్లయ్యాక సంతకాలకని జంటని తప్ప ఆ గదిలోకి ఎవర్నీ రానివ్వరు."

చర్చికి తెరలు కుట్టేది ఆమే. అతను నమ్మాడు.

అతను తాళాలు బాగుచేస్తాడు. ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండబట్టి ఏళ్లయింది. చర్చిలో పెళ్లి మాటెత్తితే చాలు, "దేవుడు మన వంటింట్లో లేడా? ఆయన్నే సాక్షిగా పెట్టుకుందాం" అని దాటేసేవాడు. అడిగి అడిగి ఆమె ఎప్పుడో ఊరుకుంది. ఇప్పుడు గిన్నె కోసమైతే అతనికి అభ్యంతరం లేదు. మనసులో వద్దనుకుంటూ పైకి అన్నంత మాత్రాన అది పెళ్లెలా అవుతుంది అనుకున్నాడు.

ఆమె తెల్లగౌను కుట్టింది. లోపల గిన్నె పట్టేంత జేబు, బయట మూరల కొద్దీ లేసు.

"దొంగతనానికి ఇంత లేసెందుకే?"

"జనం చూసేది లేసునే. జేబుని కాదు."

పెళ్లికి ముందు క్లాసులకి రమ్మన్నాడు పాస్టరు. అలవాటైన అతని నోరు అక్కడా ఊరుకోలేదు.

"దేవుడు అంతటా ఉంటాడు కదండీ, చర్చిలోనే ఎందుకు పెళ్లి?"

"ఆయన అంతటా ఉంటాడు నాయనా. నువ్వే ఎక్కడా దొరకవు. అందుకే ఇక్కడ నిలబెట్టి నలుగురి ముందు అనిపిస్తాం."

ఆమె తల వంచుకుని నవ్వాపుకుంది.

పెళ్లిరోజు "మరణం మనల్ని ఎడబాపేదాకా" అన్న మాటని అతను ఎవరూ అడక్కుండానే రెండుసార్లు అన్నాడు. ఎంత మొండి తాళాన్నైనా తడబడకుండా తీసేవాడు, ఉంగరాన్ని ముందు వేరే వేలికి తొడగబోయాడు. బీరువా గురించిన భయమేలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఆమె కళ్లలోకి మాత్రం చూడలేకపోయాడు.

సంతకాలయ్యాయి. "మంచినీళ్లు తెస్తాను, కూర్చోండి" అని పాస్టరు బయటికెళ్లాడు. అతని చేతిలో బీరువా తాళం వెన్నలా విడింది. ఆమె గిన్నెని చటుక్కున జేబులో వేసుకుంది. అతను బీరువా మూశాక, గుమ్మం అవతల పాస్టరు గట్టిగా దగ్గి, ఆ తర్వాతే లోపలికొచ్చాడు.

ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టి, గిన్నె అడుగుని ఆకురాయితో గీశాడు. పూత లేచి ఇత్తడి పచ్చగా ఇకిలించింది.

"దగా! దేవుడి పేరు చెప్పి జనాన్ని ముంచుతున్నాడే ఆ పాస్టరు!"

ఆమె గౌను విప్పి, లేసు నలక్కుండా మడత పెడుతోంది.

"ఆయన్నెందుకు ఆడిపోసుకుంటావు? ఆ గిన్నె బజార్లో కొన్నది నేను. ఆయన చేసిందల్లా దాన్ని బీరువాలో పెట్టి, సమయానికి దగ్గడమే, మొగుడా."