కాస్త పక్కకి జరుగుతారా

సాల్జ్‌బర్గ్ ఊళ్ళో కొండ కింద ఉన్న సమాధుల తోటలోకి రోజూ పొద్దున్నే టూరిస్టుల్ని తోలుకెళ్తాను. ఎప్పుడెళ్ళినా వాల్‌బుర్గమ్మ భర్త సమాధి మీది పూలమొక్కలకి నీళ్ళు పోస్తూ ఉంటుంది. ఆరేళ్ళుగా ఆవిడతో నాది ఒకటే మాట.

"ఫొటో తీసుకుంటారట, కాస్త పక్కకి జరుగుతారా?"

"చచ్చినవాడి దగ్గర కూడా నిలబడనివ్వరు కదయ్యా," అంటుంది ఆవిడ. నీళ్ళ డబ్బా పట్టుకుని జరుగుతుంది. పోట్లాడే ఓపిక ఇద్దరికీ ఎప్పుడో అయిపోయింది.

నిన్న ఆవిడే నాకు ఎదురొచ్చింది. చేతిలో, గేటు పక్క కొట్లో అమ్మే పోస్టుకార్డు. దాని మీద ఇనప శిలువలు, వెనక కొండ, మధ్యలో భర్త సమాధి మీదికి వంగి నీళ్ళు పోస్తున్న వాల్‌బుర్గమ్మ. నేను జరగమనడం మర్చిపోయిన రోజెప్పుడో ఎవరో ఫొటో తీసేసినట్టున్నారు.

ఇంకో తలనొప్పి అనుకున్నాను.

"తప్పేనమ్మా. ఇవాళే కొట్టువాడికి చెప్పి తీయించేస్తాను."

"తీయించావంటే ఊరుకోను!" అంది. "మా ఆయన ముప్పై ఏళ్ళు ఈ ఊరి కార్డులకి ఫొటోలు తీశాడు. కోటయినా, చర్చయినా, మనిషి అడ్డొస్తే కార్డు పాడైపోయిందనేవాడు. వెళ్ళిన చోటికల్లా నన్ను వెంటబెట్టుకెళ్ళేవాడు. తీరా కెమెరా ఎత్తాక నాతో ఏమనేవాడో తెలుసా?"

తెలుసు. ఆరేళ్ళుగా నేనంటున్నదే.

ఆవిడ కార్డుని కోటు చేతికి తుడుచుకుని సంచిలో పెట్టుకుంది.

"మేమిద్దరం కలిసున్న ఫొటో ఇదొక్కటే నాయనా."