పదిహేడో నంబరు ట్యూబు

"మంగరాజు గారూ, ఈ ట్యూబులు ఎవరు కడిగారండీ?"

సింధూరి గొంతులో కోపం లేదు. ఓపిక అయిపోయిన మనిషి గొంతు అది.

"నేనేనమ్మా."

"సబ్బుతోనా?"

"రెండుసార్లు పట్టించానమ్మా. వాసన లేకుండా."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. మంగరాజు పాతికేళ్లు పామర్రు సెంటర్లో చేపలమ్మినవాడు. నీచు పోవాలంటే సబ్బు దండిగా పట్టించాలి. అతనికి తెలిసిన శుభ్రం అదే. నిరుడు చేపల బల్ల తీసేసి, విజయవాడలో ఈ రీసెర్చ్ ల్యాబ్‌లో గాజుసామాను కడిగే పనిలో చేరాడు. బేరం బాగా సాగే బల్లను ఎందుకు వదిలాడో ఎవరూ అడగలేదు. కడిగేవాణ్ణి ఎవరడుగుతారు?

సింధూరి స్టూలు మీద కూలబడింది.

"కేన్సర్ గడ్డలో ఉండే ఒక ప్రోటీన్ కోసం మూడేళ్లుగా తిప్పలు పడుతున్నానండీ. అది కణం చుట్టూ ఉన్న కొవ్వు పొరలో ఇరుక్కుని ఉంటుంది. మామూలు సబ్బు తగిలిందా, పాడైపోతుంది. మీ సబ్బు ట్యూబుల్లో మిగిలిపోయింది. గడ్డ ముక్కలో సగం పోయింది."

"ఏ నంబరుదమ్మా?"

"పదిహేడు."

మంగరాజు సబ్బు డబ్బా తీసి సింకు కిందికి నెట్టేశాడు.

హెడ్డు రాజ్యలక్ష్మి గారు గుమ్మంలోంచే అన్నారు. "ఇక మిగిలింది ఆ సగం ముక్కే. అదీ పోతే ప్రాజెక్టు మూసేద్దాం. ముందు ఆ కడిగే ఆయన్ని మార్చండి."

"మార్చకండి మేడమ్. జీతం కోసుకోండి, ఇక్కణ్ణించి మాత్రం పంపెయ్యకండి" అన్నాడు మంగరాజు.

ఆ వారమంతా అతను ఒక్కో ట్యూబునీ శుద్ధి చేసిన నీళ్లతో పదేసిసార్లు జాడించాడు. లిఫ్టు పనిచేయడం లేదు. ఐసు డబ్బా మూడంతస్తులు మోశాడు. మోకాళ్లు పట్టేసినా ఎవరికీ చెప్పలేదు.

గురువారం ఆ మిగిలిన సగం ముక్కను బయటికి తీశారు. సింధూరి తెల్లటి పొడి తూకం వేస్తోంది.

"ఏంటమ్మా అది?"

"పిత్తం ఉప్పండీ. పశువుల పిత్తంలోంచి తీసి శుద్ధి చేస్తారు. సబ్బులాంటిదే గానీ నెమ్మది. కొవ్వు పొరను కరిగిస్తుంది, ప్రోటీన్ జోలికి పోదు."

మంగరాజు మొదటిసారి నవ్వాడు. "మాకు పిత్తం తిత్తి పగిలితే చేపంతా చేదేనమ్మా. ఇక పారెయ్యటమే. మా రత్తమ్మ చేతిలో మాత్రం ఒక్కటీ పగిలేది కాదు. ఇట్టా వేలితో తీసి పక్కన పెట్టేది."

"అయితే మీ ఆవిణ్ణి ఓసారి తీసుకురండి. ఈ పనికి అలాంటి చెయ్యే కావాలి."

మంగరాజు ఐసు డబ్బా ఆమె దగ్గరికి జరిపాడు.

"మీరెళ్లి భోంచెయ్యండి. దీనికి సాయంత్రం దాకా పడుతుంది."

"పర్లేదమ్మా. ఇక్కడే ఉంటా."

మర్నాడు మధ్యాహ్నం ఫిల్ము మీద నల్లటి సన్నగీత కనబడింది. ప్రోటీన్ దొరికింది, చెక్కుచెదరకుండా. సింధూరి ఏడ్చేసింది. రాజ్యలక్ష్మి గారు స్వీట్లు తెప్పించి, ఇది టీమ్ మొత్తం కష్టం అన్నారు. ఫొటోలో మంగరాజు లేడు. స్వీటు మాత్రం ఇచ్చారు.

సాయంత్రం సింధూరి పదిహేడో నంబరు ట్యూబు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఈ గడ్డ ఎవరిదో గానీ, దణ్ణం పెట్టాలండీ. మాకు పేర్లివ్వరు, నంబర్లే. ముక్కంతా వాడేశాను, అడుగున ఓ చుక్క ఉందంతే. కడిగేయండి. ఈసారి ఎంత సబ్బు కావాలంటే అంత పట్టించండి."

ఆమె నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

మంగరాజు ట్యూబు పట్టుకుని సింకు దగ్గరికి వెళ్లాడు. కుళాయి తిప్పలేదు.

జేబులోంచి నలిగిపోయిన ఆసుపత్రి కాగితం తీసి ఆ ట్యూబును అందులో పొట్లం కట్టాడు. పైకి కనబడుతున్న వరుసలో "పరిశోధనకిచ్చిన శాంపిల్ నంబరు 17, పేషెంటు రత్తమ్మ, భర్త మంగరాజు" అని ఉంది.