రాత్రి ఎనిమిదింటి ఆట

"చెప్పానా లేదా? రాత్రికే వేశారు," అన్నాడు డెల్బర్ట్.

హాలిస్ గుమ్మం దగ్గరికి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. భోజనాలవేళ ఇద్దరికీ ఫుట్‌బాల్ తప్ప వేరే మాట ఉండదు. పందొమ్మిదేళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నవాళ్ళు. మిగతా కబుర్లు ఎప్పుడో అయిపోయాయి.

సీజన్ చివర్లో ఏ ఆటను దేశమంతా చూసే రాత్రివేళకు మార్చాలో టీవీవాళ్ళు తేలుస్తారు. హ్యూస్టన్ ఆటకే ఆ యోగం ఉందని డెల్బర్ట్ నెల రోజులుగా వాదిస్తున్నాడు. డాలస్‌దే మారుతుందని హాలిస్ పట్టు. చివరికి శనివారం ఒంటిగంటకు జరగాల్సిన హ్యూస్టన్ ఆట రాత్రి ఎనిమిదికి వెళ్ళింది.

"గెలిచావుగా ముసలాడా. మరి మొహం అలా పెట్టావేం?"

"శనివారం ఆరింటికి పనుంది కదరా. ఒంటిగంటకైతే చూసేవాణ్ణి."

హాలిస్‌కు ఆ సంగతి అప్పటిదాకా తట్టనే లేదు. నాలుక కరుచుకున్నాడు.

"పదకొండున్నరకు జరపమని పెద్దసారును అడగరాదూ," అన్నాడు డెల్బర్ట్. "అర్ధరాత్రిలోపు ఎప్పుడైనా కానివ్వొచ్చని రూల్లోనే ఉంది. ఆట అవగానే వచ్చేస్తాను. నేనెక్కడికి పోతాను?"

హాలిస్ వెళ్ళి అడిగాడు. పెద్దసారు సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. పని ఆరింటికే కానిచ్చేయాలనీ, ఎనిమిదికల్లా ఇళ్ళకు చేరాలనీ సిబ్బందంతా కలిసి రాసుకున్న అర్జీ. కారణం దగ్గర "ఆట ఉంది" అని నిజాయితీగానే రాశారు.

"నీ సంతకమే తక్కువ," అన్నాడు పెద్దసారు. "ఇంట్లో పిల్లలు నీకోసం చూడరూ?"

హాలిస్ తిరిగొచ్చి, అర్జీ సంగతి చెప్పి నిలబడ్డాడు. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు.

"నువ్వూ సంతకం పెట్టేశావా?" అన్నాడు డెల్బర్ట్.

"పెట్టాను."

డెల్బర్ట్ పళ్ళెంలో మిగిలిన మొక్కజొన్న రొట్టెను తుంచి, తినకుండా పక్కన పెట్టాడు.

"మంచిపని. నేనైనా అదే చేసేవాణ్ణి. అలాంటి ఆట ఎవడు వదులుకుంటాడు?"

"స్కోరు..." అని మొదలుపెట్టి, హాలిస్ ఆగిపోయాడు.

శనివారం సరిగ్గా ఆరింటికి, మరణశిక్ష అమలుచేసే గదిలో, డెల్బర్ట్ ఎడమచేతిని బల్లకు కట్టి పట్టీ బిగించింది హాలిసే.