ఎడమవైపు నెలవంక

"దెబ్బ ఏ దిక్కున్నది సారు?" ఫిల్ము కవరులోంచి బయటికి రాకముందే అడిగాడు సదాశివ.

"జర ఆగు. చూడనీ," అన్నాడు డాక్టర్ రామచందర్.

జహీరాబాద్‌లోని ఆ చిన్న దవాఖానలో సదాశివ అన్న చెన్నబసప్ప మత్తుగా పడి ఉన్నాడు. మూడు వారాల కింద చేనుకాడ ఎడ్లబండి మీది నుంచి పడ్డాడు. కొన్నాళ్లు తలనొప్పి అన్నాడు. తర్వాత మాట తడబడింది. ఇప్పుడు పిలిస్తే పలకడు. నిన్న అతన్ని హైదరాబాద్ తీసుకుపోయి, తలకు సీటీ స్కాన్ తీయించుకొచ్చింది సదాశివే.

"మూడు దినాలాయె, మా మరిది ముద్ద ముట్టలే సారు," అంది చెన్నబసప్ప భార్య అనంతమ్మ. "ఆనాడు నేను చేనుకాడికి పొయ్యేసరికి ఈయన తల ఎడమ దిక్కు రాయికి ఆని ఉన్నది. మరిది పక్కన కూసోని వణుకుతున్నడు. అప్పటిసంది ముల్లుకర్ర సుత పట్టడు. ఎడ్లను నోటితోనే తోలుతుండు."

"తమ్ముడంటే గిట్లుండాలె," అన్నాడు డాక్టర్.

సదాశివ తల వంచుకున్నాడు.

డాక్టర్ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టాడు. "చుట్టూ తెల్లగ ఉన్నది పుర్రె. లోపల బూడిద రంగుది మెదడు. ఈ అంచుకు నెలవంక లెక్క నల్లగ ఉన్నది చూడు, అది పాత నెత్తురు. కొత్తదైతే తెల్లగుంటది. మెదడును పక్కకు నూకుతున్నది."

సదాశివ చూశాడు. నెలవంక ఎడమవైపు ఉంది. ఇన్నాళ్లకు అతనికి ఊపిరి నిండుగా ఆడింది.

"ఎడమ దిక్కే వదినా. రాయి తాకిన దిక్కే."

"బతుకుతడా సారు?" అంది అనంతమ్మ.

"ఫికర్ చేయకమ్మా. పట్నంల పుర్రెకు చిన్న బెజ్జం వేసి తీస్తరు. లేచి మంచిగ మాట్లాడుతడు."

"అన్నీ యాదికుంటయా సారు?" అన్నాడు సదాశివ.

"ఎందుకుండయి?" డాక్టర్ చీటీ రాయసాగాడు. "కుడి దిక్కు తీయాలని రాస్తున్న."

"ఎడమ గద సారు?"

"ఈ ఫిల్మును రోగి కాళ్లకాడ నిలబడి చూసినట్టు చదవాలె. మనకు ఎడమ దిక్కు కనబడేది ఆయనకు కుడి."

అనంతమ్మ మరిది వైపు తిరిగింది. "కుడి దిక్కు రాయి లేకుండె గద సదాశివా?"

సదాశివ చూపు అన్న తల మీదికి పోయింది.

ముల్లుకర్రతో తను కొట్టింది కుడివైపే.