తెగిన దారం

ఆ రోజు ఇంట్లో ముగ్గురే ఉన్నారు: మంచం మీద అమ్మమ్మ సూరీడమ్మ, వంటింట్లో అమ్మ సత్యవేణి, పియానో ముందు తరణి.

అప్పటికి ఊళ్లో అందరికీ చేతితొడుగులు వచ్చేశాయి. తొడుక్కుంటే చాలు, వేళ్లు వాటంతటవే దోసె తిప్పుతాయి, జాకెట్టు కుడతాయి, పియానో వాయిస్తాయి. బడి పరీక్షకు ఇచ్చిన ‘జూట్ మిల్లు’ అనే కష్టమైన బాణీని తరణి తొడుగులతో రోజూ తప్పు లేకుండా వాయించేది. వయసంతా జూట్ మిల్లులో దారం వడికిన అమ్మమ్మ మాత్రం గోడవైపు తిరిగి పడుకునేది. ఆమె ఒక్కసారి ఇటు తిరిగితే చాలని తరణికి ఎంతో ఆశ.

ఆ రోజు తరణి ఉత్త చేతులతో వాయించింది. యంత్రాల మోతలా ఆగకుండా కొట్టాల్సిన ఎడమ చెయ్యి కాసేపటికే నొప్పెట్టి ఆగిపోయింది.

“దారం తెగిపోనాదేటే?” అంటూ అమ్మమ్మ లేచి కూర్చుంది. “ఉండు, ముడేస్తన్నాను.” ఆమె వేళ్లు గాలిలోనే ముడి వేశాయి. “ఊఁ, ఇక నడుపు!”

తరణి కళ్లు నిండాయి. మళ్లీ మొదలుపెట్టింది. అమ్మమ్మ మోతకు తగ్గట్టు తల ఊపసాగింది.

అమ్మ గరిటెతోనే పరుగున వచ్చింది. “నీకేటి పిచ్చా? నువ్వు తప్పిన ప్రతిసారీ ఈ పియానోయే బడికి కబురు చెప్పేస్తాది. బడిలో సీటు పోగొట్టుకుంటావా?”

“అమ్మమ్మ లేచిందమ్మా, చూడు.”

“చూశాన్లే. తొడుగులేవి?”

“పెరట్లో దండెం మీద.”

“అవి తొడుక్కున్నాకే లోపలికి రా!”

అమ్మ తరణిని పెరట్లోకి నెట్టింది. “మిల్లు ఎవలాపేసినారే? ఇంకా షిఫ్టు అవ్వనేదు!” అని లోపల అమ్మమ్మ కేకేస్తుండగానే తలుపు మూసేసింది.